నీళ్ళొచ్చిన రోజు మోత ఉండదు

2022 ఏప్రిల్ నెల. ఎర్రగుంట్లలో నా దుకాణం ముందు లారీ కదిలినప్పుడల్లా సిమెంటు దుమ్ము లేచి, బల్ల మీద విప్పి పెట్టిన ఆంప్లిఫయర్ మీద పౌడరు అద్దినట్టు పడేది. రోజుకు పదిసార్లు బ్రష్షు పట్టుకుని దాన్ని దులపడం నా వృత్తిలో సగం పని. నా పేరు దస్తగిరి. పన్నెండేళ్ళు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌గా చేశాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా సొంత దుకాణంలో మోటార్లు, మిక్సీలు, పాటల పెట్టెలు బాగుచేస్తున్నాను. ఇన్నేళ్ళలో మరిచిపోలేని కేసు ఏదని ఎవరైనా అడిగితే పెద్ద మోటారు కాలిపోయిన కథో, పిడుగు పడిన కథో చెబుతానని ఎదురుచూస్తారు. నేను మాత్రం ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు కథ చెబుతాను. వినేవాళ్ళ మొహాలు వెంటనే వాడిపోతాయి. వాడిపోనివ్వండి, నాకు అలవాటే.

ఆ రోజు పొద్దున దుకాణానికి ఇద్దరు వచ్చారు. ఆయన సుబ్బరాయుడు. జమ్మలమడుగు దారిలో ఉండే ఒక చేనేత ఊరాయన, వయసు అరవై దాటింది. గుంటమగ్గం మీద చీరలు నేస్తాడు. ఆయనకున్న ఇంకో పేరు చెక్కభజన గురువు. గజ్జెలు కట్టిన చెక్కలు చేతుల్లో ఆడిస్తూ, గుండ్రంగా తిరుగుతూ, అడుగులేస్తూ పాడే భజన అది. గురువు మధ్యలో నిలబడి ఒక చరణం అందుకుంటే జట్టంతా దాన్ని తిప్పి పాడుతుంది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ఆయన తయారుచేసిన జట్లు ఉన్నాయి. రెండేళ్ళ కిందట ఆయన గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు, దాంతోపాటు పాటా పోయింది. గుసగుసలాంటి మాట ఒకటి మిగిలింది. అందుకని ఆయన ఎక్కడికి పోయినా భార్య ఓబులమ్మ వెంట వస్తుంది. ఆయన గుసగుస ఆమెకు ఎంత దూరం నుంచైనా వినిపిస్తుంది.

"అన్నా, ఈయప్పకు పాటల మిషను ఉండాది. పాటకంటే ముందు అదే పాడతాండాది," అంది ఓబులమ్మ. "జుయ్యిమంటాది. చెవిలో తుమ్మెద దూరినట్ల ఉంటాది. నీతో ఏమన్నా అయితాదా?"

సుబ్బరాయుడు చేతిసంచిలోంచి ఒక చిన్న గుడ్డమూట తీసి నా బల్ల మీద పెట్టాడు. విప్పితే ఒక క్యాసెట్టు. ఆయన ముందుకు వంగి నా చెవి దగ్గర చెప్పాడు.

"ఇది ఒక్కటే ఉండాది."

ఇరవై ఏళ్ళ కిందట ఆయన గొంతు మంచి జోరు మీదున్నప్పుడు ఎవరో టేప్‌రికార్డరు ముందుపెట్టి పట్టిన పాటలవి. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో పన్నెండు మంది ఆడవాళ్ళు కొత్తగా జట్టు కట్టారు. మే నెలాఖర్లో ఊరి తిరునాళ్ళలో ఆడాలి. నేర్పాల్సిన గురువుకు గొంతు లేదు. అడుగులు నేర్పగలడు, పాట నేర్పలేడు. ఈ క్యాసెట్టులోని గొంతే వాళ్ళకు గురువు కావాలి. నేను టేపును వెలుతురులో పెట్టి చూశాను. రెండుచోట్ల తెగితే అతికించారు. అంచులు వడిలిన తమలపాకులా ముడుచుకున్నాయి. ఇంకొక్కసారి తిరుగుతుందేమో, ఆపైన నమ్మకం లేదు. ఆ ఒక్కసారిలోనే పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవాలి. మోత ఉండగా ఎక్కిస్తే పాటతోపాటు మోతా ఎక్కుతుంది. ఒకసారి ఎక్కాక ఇక విడదీయడం నా తరం కాదు.

"ఇదెంత పనమ్మా," అన్నాను. నాకు ఆ మాట అనే జబ్బు ఉంది.

"అయితే ఎల్లుండి రా అన్నా. ఎల్లుండి మాకు నీళ్ళ దినం. మగ్గం దిగి ఇంటి కాడే ఉంటాం," అంది ఓబులమ్మ.

వాళ్ళ వీధి బోరు ఆ ఏడు మార్చిలోనే ఎండిపోయింది. ఐదు రోజులకోసారి ట్యాంకరు వస్తుంది. ఆ రోజు వీధిలో ఎవరూ మగ్గం ఎక్కరు. బిందెలు, డ్రమ్ములు, తొట్లు నింపుకోవడం, ఐదు రోజుల బట్టలు ఒకేసారి ఉతుక్కోవడం, ఇదే పని. ఇంటికి మెకానిక్‌ను పిలిచేదీ ఆ రోజే. ఈ సంగతి విని నేను తల ఊపి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉంటే ఈ కథే లేదు.

ఆ ఎల్లుండి వాళ్ళింటికి పోయాను. ముందు గదిలో మగ్గం, దాని వెనక గదిలో పాటల సామాను. క్యాసెట్ డెక్కు, ఈక్వలైజరు, ఆంప్లిఫయరు, పెన్‌డ్రైవులోకి ఎక్కించే రికార్డరు, సుబ్బరాయుడు తన చేత్తో పలకలు కోసి చేసుకున్న రెండు స్పీకరు డబ్బాలు. సామాను చూస్తే ముచ్చటేసింది. వాటికి కరెంటు వచ్చే దారి చూస్తే ఆ ముచ్చట కాస్తా ఎగిరిపోయింది. గోడకు ఒక సాకెట్టు, దానికి ఒక ప్లాస్టిక్ బాక్సు, ఆ బాక్సుకు ఇంకో బాక్సు, దానికి మూడోది. డెక్కు తీగకు ప్లగ్గే లేదు. తీగల కొనలు సాకెట్టులో దూర్చి, ఊడిపోకుండా రెండు అగ్గిపుల్లలు కుక్కారు. 

మోత ఎందుకు వస్తుందో చదివేవాళ్ళకు నాలుగు మాటల్లో చెబుతాను. మన ఇళ్ళలో కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగులాట పాట వచ్చే తీగల్లోకి ఏ సందు దొరికినా దూరుతుంది. పరికరాలన్నిటికీ ఎర్త్, అంటే తప్పిపోయిన కరెంటును నేలలోకి పంపే తీగ, ఒకేచోట కలిస్తే ఆ సందు మూసుకుపోతుంది. ఒకదానికి ఉండి ఇంకోదానికి లేకపోయినా, ఒక్కొక్కటి ఒక్కో దారిన పోయినా మోత తప్పదు. కాబట్టి ఈ మూడు బాక్సులనూ పారేసి, నాలుగు పరికరాలకూ కలిపి ఒకే గట్టి బాక్సు చేయాలి. అందులో ఎర్త్ తీగలన్నీ ఒకే బోల్టు దగ్గర ముడిపడాలి. దీన్ని మావాళ్ళు స్టార్ ఎర్త్ అంటారు.

చేసేముందు ఇంటి ఎర్త్ బాగుందో లేదో పరీక్షించాను. నూరు వాట్ల పాత బల్బును కరెంటు మోసుకొచ్చే ఫేజు తీగకూ ఎర్తుకూ మధ్య కలిపి చూడటం మా పాత పద్ధతి. ఎర్త్ బాగుంటే బల్బు నిండుగా వెలుగుతుంది. ఈ పని ఇంట్లో ఎవరూ చేయకండి, తేడా వస్తే ప్రాణం మీదికి వస్తుంది. బల్బు నిండుగా వెలిగింది. పెరట్లో ఓబులమ్మ బట్టలు ఉతుకుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. "ఎర్త్ బాగుంది" అని పుస్తకంలో రాసుకుని, దాని కింద గీత కూడా గీశాను.

సుబ్బరాయుడు ఒక చెక్కపలక తెచ్చి చూపించాడు. వాళ్ళ నాయన మగ్గానిదట. నూనె తాగి నల్లబడిన టేకు.

"దీంతో చెయ్యి దస్తగిరీ," అని గుసగుసగా అన్నాడు.

"చెక్క వద్దు సామీ. ఇనుప పెట్టె అయితే బయటి కరెంటు గోల లోపలికి రాదు. ఫ్యాక్టరీలో చేసినట్టు చేసిస్తా చూడు," అన్నాను. ఆయన ఆ పలకను తీసుకుపోయి గోడకు ఆనించాడు. 

ఆ బాక్సును నాలుగు రోజులు చేశాను. ఒక మాట ఒప్పుకోవాలి, అంత ఇష్టంగా నేను పెళ్ళిచూపులకు కూడా తయారుకాలేదు. మందం రేకు తెచ్చి వంచి, మూలలు అరగదీసి, నల్ల రంగు వేయించాను. ఆరు సాకెట్లు, మంచి రాగి తీగ, ఒక ఫ్యూజు, ఒక స్విచ్చు. లైనులో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిస్తే దాన్ని తాను మింగి పరికరాలను కాపాడే వేరిస్టర్ అనే బిళ్ళ ఒకటి. అంతటితో ఊరుకోవచ్చు. కానీ నా దగ్గర పాత కంప్యూటరు యూపీఎస్‌లోంచి తీసిన లైన్ ఫిల్టరు ఒకటి ఉంది. కరెంటుతోపాటు వచ్చే చెత్త చప్పుళ్ళను రెండు చిన్న కెపాసిటర్ల ద్వారా ఎర్తులోకి తోసేసే పరికరం అది. అదీ పెట్టేశాను. ఎర్త్ తీగలన్నీ కలిసే బోల్టును గరుకు కాగితంతో బంగారంలా మెరిసేదాకా రుద్దాను. లోపలుండే బోల్టు, మూత వేశాక ఎవరికీ కనపడదు. అయినా రుద్దాను.

పట్టుకుపోయి బిగించింది ఆ తర్వాతి ట్యాంకరు రోజున. వాళ్ళు ఇంట్లో ఉండేది ఆ రోజే కదా. వేరే క్యాసెట్టు ఒకటి వేసి చూశాం. మోత లేదు. ఆంప్లిఫయర్ గొంతు నిండా పెంచినా లేదు. సుబ్బరాయుడు స్పీకరుకు చెవి ఆనించి, నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. నేను "మనదేముంది సామీ" అన్నాను కానీ, ఎర్రగుంట్ల దాకా బండి మీద ఈల వేసుకుంటూ వచ్చాను.

మూడో రోజు ఫోను. ఓబులమ్మ.

"అన్నా, మళ్ళా మొదులుపెట్టె. అది గాక నీ పెట్టె మింద దుమ్ము తుడుస్తాంటే చెయ్యి జివ్వుమనె."

"తడి చేత్తో తుడిచి ఉంటావమ్మా."

"తడి యాడిది అన్నా? తడి చేసుకునేకి నీళ్ళు యాడుండాయి?"

రెండు రోజులాగి, నీళ్ళ రోజున పోయాను. మోత లేదు. పెట్టె మీద చెయ్యి పెట్టాను, టెస్టరు పెట్టాను, ఏమీ లేదు. బల్బు పెట్టి చూస్తే నిండుగా వెలిగింది. ప్రతి స్క్రూ విప్పి బిగించాను. "మీ మిషను నన్ను చూసి భయపడతాందమ్మా" అని ఎగతాళి చేసి వచ్చేశాను. మూడు రోజులకు మళ్ళీ ఫోను. మళ్ళీ నీళ్ళ రోజున పోయాను, మళ్ళీ ఏమీ లేదు. ఈసారి నాకు చిరాకేసింది. లేని రోగానికి మందు అడుగుతున్నారనిపించింది. అప్పుడు పెరట్లోంచి తడి చేతులు తుడుచుకుంటూ ఓబులమ్మ లోపలికి వచ్చి నా ముందు నిలబడింది.

"అన్నా, నేనొక మాట చెప్తా, నగొద్దు. నీళ్ళొచ్చిన దినం అది నోరు మూసుకుంటాది. మర్నాడు గూడా గమ్మునుంటాది. మూడో దినం సన్నగా ఎత్తుకుంటాది. నాలుగు, ఐదు దినాలకు ఇల్లంతా మోతే. మళ్ళా ట్యాంకరు వస్తే గప్‌చిప్. మూడుసార్లు చూసినా."

నవ్వొద్దని ఆమె ముందే చెప్పింది. అయినా నవ్వాను.

"ట్యాంకరుకూ ఆంప్లిఫయరుకూ ఏం సంబంధమమ్మా? అది నీళ్ళు తాగుతుందా?"

"తాగుతాదో లేదో నాకు తెల్దు. కరెంటు చదువు నీది. నేను ఇన్నది చెప్తాండా," అంది ఆమె. గొంతులో కోపం దాచుకోలేదు. "ఏకాదశికి ఆడోళ్ళందరూ వస్తారు, పాఠం మొదులుపెట్టల్ల. ఈయప్ప రాత్రీ పగలూ ఆ క్యాసెట్టు ఒళ్ళో పెట్టుకోని కూచుంటాండాడు. నువ్వు ఈసారి నీళ్ళు లేని దినం రా. ఐదో దినం రా. మగ్గం దిగుతాం, ఏం పోయె."

ఏకాదశి ఇంకా పది రోజులుంది. సుబ్బరాయుడు మగ్గం దగ్గర కూర్చుని నా వైపే చూస్తున్నాడు. ఆ చూపుకు నాకు నవ్వు ఆగిపోయింది.

ఐదో రోజు పోయాను. వీధి గుమ్మం దాటుతుండగానే వినిపించింది మోత. ఆమె చెప్పింది నిజమే, తుమ్మెద కాదు, కందిరీగల తుట్టె. పెట్టె మీద వేలి వెనక భాగం ఆనించాను. జివ్వుమంది. మీటరు పెట్టి చూస్తే పెట్టె ఒంటి మీద నూటపది వోల్టులు నిలబడి ఉన్నాయి. ఇంట్లో కరెంటులో సరిగ్గా సగం.

ఆ సగం అనే లెక్క చూడగానే నాకు అర్థమైపోయింది. నేను ముచ్చటపడి పెట్టిన ఫిల్టరులో రెండు కెపాసిటర్లు ఉన్నాయని చెప్పాను కదా. అవి ఒకటి ఫేజు నుంచి, ఒకటి కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగ నుంచి పెట్టె ఒంటికి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటిలోంచి కారే చిటికెడు కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే పెట్టె మధ్యలో వేలాడుతూ సగం వోల్టేజీ మోస్తుంది. అది జివ్వుమనిపించడంతో ఆగుతుంది, నిజమే. కానీ అసలు ప్రమాదం వేరే. లోపల ఏ ఎలుకో తీగ కొరికి ఫేజు పెట్టెకు తగిలిందా, ఫ్యూజు పోదు, ఎర్త్ లేదు కాబట్టి. దుమ్ము తుడిచే చెయ్యే ఎర్త్ అవుతుంది. నేను రాకముందు ఆ ఇంట్లో ఉన్నది మోత ఒక్కటే. నేను వచ్చి నల్ల రంగు వేసి మెరిసే బోల్టు పెట్టి దానికి షాకు జతచేశాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. ఆ క్షణాన ఓబులమ్మ మొహం చూడటానికి నాకు నిజంగా సిగ్గేసింది.

స్విచ్చు ఆపేసి అడిగాను. మొదటిరోజే అడగాల్సిన మాట అది.

"మీ ఎర్త్ గుంత యాడుండాది?"

సుబ్బరాయుడు పెరట్లోకి తీసుకుపోయి కాలితో నేల మీద చూపించాడు. అక్కడ గుంత లేదు. గోడ నుంచి గోడకు నున్నటి నల్ల నాపబండలు. మా జిల్లాలో భూమిని ఎక్కడ తవ్వినా దొరికేవే కదా అని, పెరడు మట్టి తొక్కకుండా ఉంటుందని పోయిన ఏడు పరిపించుకున్నారు. ఎర్త్ పైపు మూతి అడ్డంగా ఉందని దాన్ని నేల మట్టానికి కోసేసి, దాని మీద కూడా బండ వేసేశాడు మేస్త్రీ. మా వైపు ఇళ్ళలో నేను తర్వాత ఎన్నిచోట్ల చూశానో ఈ తప్పు. బండలు చౌక, పెరడు అందంగా ఉంటుంది, ఎర్త్ గుంత మాత్రం సమాధి అవుతుంది.

ఎర్త్ గుంత అంటే నేలలో నిలువుగా దించిన ఇనుప పైపు, దాని చుట్టూ బొగ్గు, ఉప్పు. అది పనిచేయాలంటే చుట్టూ మట్టి తడిగా ఉండాలి. ఎండిన మట్టి కరెంటును పోనివ్వదు. అసలు వింత వినండి. ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు ఎండాకాలం వస్తే వారం వారం ప్రతి ఎర్త్ గుంతలో నీళ్ళు పోయించి, పుస్తకంలో సంతకం పెట్టింది ఎవరో కాదు, నేనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ పెట్టెలో స్క్రూలన్నీ విప్పి చూశాను కానీ నేల వైపు ఒక్కసారీ చూడలేదు. 

గుంతను కప్పిన బండకు నాలుగడుగుల దూరంలో బట్టలుతికే రాయి ఉంది. నీళ్ళ రోజున ఐదు రోజుల బట్టలు ఉతికిన నీళ్ళు బండల సందుల్లోంచి కిందికి ఇంకి, ఆ గుంతను తడుపుతున్నాయి. ఎర్తు రెండు రోజులు బతికి, ఎండకు మళ్ళీ చస్తోంది. నేను వచ్చిందెప్పుడూ అది బతికున్న రోజునే.

తెలిసింది కదా, ఇక బాగుచేస్తే చాలు. కానీ నాకు కళ్ళారా చూడాలనిపించింది. ఇంటి ఎర్త్ తీగలన్నీ విప్పేసి, గుంతకు పోయే తీగ ఒక్కదానికే బల్బు కలిపాను. వాళ్ళిద్దర్నీ గడప లోపల నిలబెట్టి స్విచ్చు వేశాను. బల్బులో తీగ ఎర్రటి వెంట్రుకలా కనపడింది, అంతే. ఆపేశాను.

"అమ్మా, వాడేసిన నీళ్ళేమన్నా ఉన్నాయా?"

"బియ్యం కడిగినవి ఉండాయి, బర్రెకు పెట్టినా."

ఆ నీళ్ళు బండ సందులో పోసింది. అందరం గడప లోపలికి వచ్చాక మళ్ళీ స్విచ్చు. తేడా లేదు. సుబ్బరాయుడు స్నానానికి పెట్టుకున్న అర బకెట్టు తెచ్చి పోశాడు. రోంతసేపు ఆగి స్విచ్చు వేస్తే ఎరుపు కాస్త నారింజకు తిరిగింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఓబులమ్మ వంటింట్లోకి పోయి బిందె చంకన పెట్టుకుని వచ్చింది. మూత ఉన్న బిందె, తాగే నీళ్ళు.

"అవి వద్దమ్మా. రేపటిదాకా ఏం తాగుతారు?"

"ఇంకొకటి ఉండాదిలే. ఇంతదాకా వచ్చి ఆపేది యాడిది అన్నా? నాకు చూడల్లని ఉండాది," అని, ఆమె బిందెడు నీళ్ళూ ఆ సందులో సన్నటి ధారగా ఒంపేసింది. ఒక్క చుక్క పక్కకు పోనివ్వలేదు.

పావుగంట ఆగాం.  బండ కింద నీళ్ళు ఇంకుతున్న గుటగుట చప్పుడు వినిపించింది. ఎండిన నేల తాగే చప్పుడు అది. స్విచ్చు వేశాను. బల్బు పసుపుగా, గది గోడ మీద మా ముగ్గురి నీడలూ పడేంతగా వెలిగింది.

"తాగుతాది గదన్నా!" అంది ఓబులమ్మ.

"తాగుతాది తల్లీ," అన్నాను. ఇంతకుముందు నేను చేసిన ఎగతాళికి అంతకంటే మంచి జవాబు ఇంకోటి లేదు.

మర్నాడే పని మొదలుపెట్టాం. బండ లేపి చూస్తే పాత పైపు తుప్పు పట్టి, బొగ్గు పొడిపొడిగా ఉంది. బట్టలుతికే రాయికి పక్కనే కొత్త గుంత తవ్వించి, కొత్త పైపు దించి, బొగ్గూ ఉప్పూ వరుసలుగా వేశాను. ఉతికిన నీళ్ళ కాలువ ఆ గుంత మీదుగానే పోయేట్టు మలిచాం. బండకు గుండ్రంగా రంధ్రం కొట్టించి, అందులో పైపు మూతికి గరాటు పెట్టాను. చిటికెడు కరెంటు దారి తప్పినా ఇల్లంతా ఆపేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్చును మీటరు దగ్గర బిగించాను. నా నల్ల పెట్టెను నేల మీద ఆనించకుండా దాని కింద రెండు కాళ్ళు పెట్టాను. ఆ కాళ్ళు సుబ్బరాయుడు నాయన మగ్గం చెక్కవి. ఆయన అది చూసి, వంగి ఆ చెక్కను ఒకసారి తడిమాడు.

క్యాసెట్టు ఎక్కించడానికి కావాలనే నీళ్ళు లేని రోజు చూశాను, ట్యాంకరు వచ్చిన నాలుగో రోజు. పొద్దున ఒక చెంబెడు నీళ్ళు గరాటులో పోసి ఓబులమ్మ కూర్చుంది. సుబ్బరాయుడు గుడ్డమూట విప్పాడు. ఆ క్యాసెట్టును డెక్కులో పెట్టాను. రికార్డరు ఎర్ర దీపం వెలిగింది. మీట నొక్కాను.

ఏమీ లేదు. పూర్తి నిశ్శబ్దం.

"వేసినావా అన్నా? ఏం ఇనపడల్యా," అంది ఓబులమ్మ.

నేను వేలు పెదాల మీద పెట్టుకున్నాను. ఆ నిశ్శబ్దంలో, ఇన్నేళ్ళూ మోత కింద పడి ఎవరికీ వినపడని చప్పుడు ఒకటి వచ్చింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. "ఊహూఁ" అని ఒకసారి, చిన్నగా. ఆ వెంటనే పాట.

ఆ గొంతును నేను వర్ణించలేను. ఇల్లంతా నిండిపోయింది. సుబ్బరాయుడి చెయ్యి తనకు తెలియకుండానే గొంతు మీదికి, ఆ కుట్టు మచ్చ మీదికి పోయింది. పెదాలు పాటతో కదులుతున్నాయి, చప్పుడు లేదు. కాళ్ళు మాత్రం కూర్చున్నచోటే అడుగులు వేస్తున్నాయి. మొదటి పాట అయ్యాక నా వైపు తిరిగి "నేనే" అన్నాడు, నాకు తెలియదేమో అన్నట్టు. నేను మొహం తిప్పుకుని మీటరు చూస్తున్నట్టు నటించాను. మీటరులో చూడటానికి ఏమీ లేదు.

రెండు పక్కలూ తిరిగాయి. ఆఖరి పాట అయిపోయి, టేపును వెనక్కి చుడుతుండగా పాత అతుకు దగ్గర పుటుక్కున తెగింది. నేను గబుక్కున డెక్కు ఆపేశాను. ఆయన మాత్రం తెగిన కొనను వేలికి చుట్టుకుంటూ గుసగుసగా అన్నాడు.

"పోనీలేప్పా, దాని పని అది చేసె."

ఏకాదశి నాడు పాఠం మొదలైంది. మే నెలాఖర్లో తిరునాళ్ళకు నన్ను పిలిచారు, పోయాను. పన్నెండు మంది ఆడవాళ్ళు చెక్కలు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో సుబ్బరాయుడు, చెయ్యి పైకెత్తి. ఆయన చెయ్యి దించగానే పన్నెండు మందీ ఒక్కసారిగా "ఊహూఁ" అని గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాతే పాట ఎత్తుకున్నారు. పెన్‌డ్రైవులో ఎట్లా ఉంటే అట్లా నేర్చుకున్నారు, అదీ పాటలో భాగమే అనుకుని. జనం నవ్వారు. గురువు కూడా నవ్వాడు, కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా. ఇప్పటికీ ఆ జట్టు ఏ ఊళ్ళో ఆడినా పాటకు ముందు అదే గొంతు సవరింపు. మాన్పించవద్దని ఓబులమ్మ గట్టిగా చెప్పిందట.

నేను మెకానిక్‌ను. రోగం ఉన్న ఇంటికి పిలిచిన రోజున పోయి, గంటసేపు చూసి వచ్చేవాణ్ణి. ఆ రోగంతో రోజంతా బతికేవాళ్ళు చూసినంత నేను చూడలేనని ఈ కేసు నా నెత్తిన మొట్టి చెప్పింది. అందుకే ఇప్పుడు ఏ ఇంట్లో పని ఒప్పుకున్నా టెస్టరు తీయకముందే కూర్చుని, ఆ ఇంటి ఆడవాళ్ళను అడుగుతాను, "అమ్మా, మీకు నీళ్ళు ఎన్నాళ్ళకోసారి వస్తాయి? బట్టలు యాడ ఉతుకుతారు?" కరెంటాయనకు మా నీళ్ళతో ఏం పనని వాళ్ళు విడ్డూరంగా చూస్తారు. నేను నవ్వను. వాళ్ళు చెప్పేది మొత్తం వింటాను.